కంచంలో అన్నం, ఒంట్లో కరువు

పెట్టే తల్లి ఉంది, కంచంలో అన్నం ఉంది, పిల్ల మాత్రం తినదు. దీన్ని జబ్బంటారా, పొగరంటారా?

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఈ ప్రశ్న అడిగినవాళ్ళని తప్పుపట్టలేం. ఆకలి ఇక్కడ కొత్త సంగతి కాదు. 1866లో ఒరిస్సాను తుడిచిపెట్టిన కరువు అప్పటి గంజాం జిల్లానూ పట్టుకుంది. శ్రీకాకుళం ఆనాడు గంజాం జిల్లాలోదే. పదేళ్ళు తిరిగేసరికి ధాత కరువు వచ్చి మద్రాసు రాజధానిలో లక్షల మందిని మింగింది. చోడి అంబలితో, తరవాణితో పూట గడిపిన ముసలివాళ్ళు నిన్నమొన్నటిదాకా మన మధ్యే ఉన్నారు. వానలు మొహం చాటేసిన ఏడు ఊళ్ళకి ఊళ్ళు వలస రైలెక్కడం ఈ తరం కూడా చూసింది. ఇలాంటి చోట మనిషి చిక్కిపోతే మనకు తోచే కారణాలు మూడే: లేమి, రోగం, బెంగ. అన్నీ ఉండి, ఏ రోగమూ బయటపడకుండా, తినడమే మానేసి చిక్కిపోవడం ఆ మూడింట్లోనూ ఇమడదు. ఇమడనిదాన్ని ఇల్లు పొగరంటుంది, వీధి దిష్టంటుంది.

ఒక ఇల్లు ఊహించుకుందాం. రాజాం దగ్గరో, బొబ్బిలి దగ్గరో ఓ ఊరు. హాస్టల్లో ఉండి ఇంటర్ రెండో ఏడు చదివే అమ్మాయి సంక్రాంతికి ఇంటికొచ్చింది. అరిసెల పాకం తనే పట్టింది. చెక్కల మధ్య నొక్కి నూనె తీసింది, తమ్ముడికి వేడివేడిగా రెండు పెట్టింది, పక్కింటికి పళ్ళెం నిండా పట్టుకెళ్ళింది. తను ఒక్కటి కూడా కొరకలేదు. భోజనానికి కూర్చుంటే గంట. అన్నాన్ని గోరంత ముద్దలుగా విడదీస్తుంది, కూరలో నూనెను కంచం అంచుకి తోస్తుంది, మజ్జిగ దాకా వచ్చేసరికి సగం అన్నం అలాగే ఉంటుంది. మిట్టమధ్యాహ్నం కూడా స్వెట్టరు తియ్యదు. దువ్వెన నిండా జుట్టు. ముంజేతుల మీద ఇదివరకు లేని సన్నటి నూగు.

"ఒదినా, పిల్లేటలా సిక్కిపోనాది? పరీచ్చల బెంగేటి?" అంటుంది పక్కింటావిడ.

"ఏటో ఒదినా, తినియ్యే అంటే తిన్నానంటాది. శనివారం ఒక్కపొద్దంటాది, సోమవారం ఒక్కపొద్దంటాది. మార్కులకి మాత్రం లోటు నేదు."

"గాలి సోకుంటాది, పైడితల్లమ్మకి మొక్కుకోండి" అంటుంది మామ్మ.

ఊళ్ళో ఆరెంపీ ఐరన్ టానిక్ రాస్తాడు. అదీ కారణం లేని పని కాదు. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో దాదాపు 59 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. పాలిపోయిన ఆడపిల్లకి ఐరన్ రాస్తే తప్పయ్యే అవకాశం తక్కువ. అటుపైన కఫం పరీక్ష, థైరాయిడ్ పరీక్ష, కడుపు స్కానింగ్. అన్నీ బాగానే ఉన్నాయంటారు. ఈలోగా ఆరు నెలలు గడిచిపోతాయి.

ఆ అమ్మాయిది అనొరెక్సియా నెర్వోసా కావచ్చు. పేరు నోరు తిరగదు కాబట్టి ఈ అధ్యాయంలో తిండిభయం అందాం. ఒంటికి కావలసినదానికన్నా బాగా తక్కువ తిని బరువు ప్రమాదకరంగా పడిపోవడం, బరువు పెరగనివ్వకుండా ఏదో ఒకటి చేస్తూ ఉండడం, తన ఒళ్ళు ఎంత దెబ్బతిన్నదో తనకు ఆనకపోవడం దీని గుర్తులు. ఎక్కువగా పదమూడు, ఇరవై ఏళ్ళ మధ్య ఆడపిల్లల్లో మొదలవుతుంది. మగపిల్లలకీ వస్తుంది. కాకపోతే వాళ్ళలో ఎవరూ అనుమానించరు.

కరువొచ్చిన ఇల్లు

పంట పోయిన ఏడు రైతు ఇల్లు ఎలా నడుస్తుందో తెలిసినవాళ్ళకి ఈ జబ్బులో శరీరం ఏం చేస్తుందో వేరే చెప్పక్కర్లేదు. మొదట గాదెలో గింజలు తీస్తారు. అవి అడుగంటుతుండగానే ఖర్చులు బిగిస్తారు: దీపం తొందరగా ఆర్పేస్తారు, ఇంటి కప్పు నేయించడం వచ్చే ఏటికి తోస్తారు, కూతురి పెళ్ళి వాయిదా వేస్తారు. అప్పటికీ గట్టెక్కకపోతే ఎడ్లను సంతకి తోలతారు. ఆఖరికి దూలాలు పీకి అమ్ముకుంటారు. ఇల్లు నిలబడాలనే ఇదంతా చేస్తారు. దూలాల దాకా వచ్చాక ఇంకా నిలబెట్టడానికి ఇల్లంటూ ఉండదు.

శరీరానికి గాదె రెండరలది. కాలేయంలో దాచుకున్న చక్కెర ఒక రోజుకి అటూ ఇటూగా సరిపోతుంది. ఆ తరువాత కొవ్వు కరుగుతుంది. కొవ్వు కరగడం మొదలైన నాటినుంచే పొదుపూ మొదలవుతుంది. థైరాయిడ్ హార్మోన్ చురుకు తగ్గి ఒంట్లో మంట సన్నగిల్లుతుంది. జనవరి మధ్యాహ్నం స్వెట్టరు అందుకే. ఆ వేడిని ఎలాగైనా పట్టి ఉంచాలని చర్మం మీద నూగు మొలుస్తుంది. జుట్టు, గోళ్ళు, చర్మం బాగుచేయించడం కప్పు నేయించడంలాంటిది, ఆగిపోతుంది. నెలసరి నిలిచిపోవడం పెళ్ళి వాయిదా వేయడమే: తనకే గింజల్లేని ఒళ్ళు ఇంకో ప్రాణిని మోసే ఏర్పాటు ముందుగా మూసేస్తుంది. "ముట్టు రాలేదు" అని తల్లి కూతురిని డాక్టరు దగ్గరికి తీసుకువెళ్ళేది చాలాసార్లు దీనికోసమే. అక్కడ ముట్టుకి బిళ్ళలు ఇస్తే నెలసరి వచ్చినట్టు కనబడుతుంది, కరువు మాత్రం తీరదు.

ఎడ్లంటే కండలు. మెట్లెక్కలేకపోవడం, కింద కూర్చుని చేతులు ఆనించకుండా లేవలేకపోవడం ఎడ్లు అమ్ముడుపోతున్న గుర్తు. చాలామంది మరిచిపోయేదేమిటంటే గుండె కూడా కండే. తిండి లేనప్పుడు అది పలచబడుతుంది, చిన్నదవుతుంది, మెల్లగా కొట్టుకుంటుంది. మెలకువగా ఉన్నప్పుడు నాడి నిమిషానికి 50కన్నా తక్కువగా ఉంటే కుర్రపిల్లల్ని ఆసుపత్రిలో చేర్చుకోవాలని వైద్యుల నియమం. ఆటగాళ్ళకీ నాడి నిదానంగానే ఉంటుంది కదా అంటారు. ఉంటుంది. అయితే వాళ్ళ గుండె బలంతో నిదానిస్తే, ఇక్కడ శక్తి చాలక నిదానిస్తుంది. పడుకున్న పిల్ల లేచి నిలబడగానే కళ్ళు చీకట్లు కమ్మి, రక్తపోటు దిగి, నాడి ఒక్కసారిగా ఎగిసిందంటే ఇక ఇంట్లో ఉంచి చూసే దశ దాటిపోయినట్టే.

కొందరు తిన్నది కక్కేస్తారు, విరేచనాల మందులు వాడతారు. వాళ్ళకి ప్రమాదం రెట్టింపు. కక్కుతో, విరేచనంతో పొటాషియం పోతుంది. గుండె లయ తప్పకుండా కాపాడేది ఆ పొటాషియమే. ముందురోజు దాకా కాలేజీకి వెళ్ళిన పిల్ల రాత్రికి రాత్రి పోవడం ఈ జబ్బులో జరగని సంగతి కాదు.

ఎముకల నష్టం చప్పుడు లేకుండా జరుగుతుంది. ఆడపిల్ల ఎముకల్లో చేరవలసిన గట్టిదనంలో 90 శాతం దాకా పద్దెనిమిదేళ్ళ లోపే చేరిపోతుంది. ఆ కాలమంతా ముట్టు ఆగి, ఈస్ట్రోజన్ లేక, కాల్షియం చాలక గడిచిపోతే ఆ గట్టిదనం తరువాత పూర్తిగా చేతికి రాకపోవచ్చు. ముప్ఫై ఏళ్ళకే అరవై ఏళ్ళ నడుమునొప్పి. జీర్ణకోశమూ మందగిస్తుంది. మూడు ముద్దలు తిన్నా పొట్ట ఉబ్బరిస్తుంది, మలబద్ధకం పట్టుకుంటుంది. "నాకు నిజంగానే కడుపు నిండిపోయింది" అని అమ్మాయి అన్నప్పుడు ఆ మాట అబద్ధం కాదు. దానికి గ్యాస్ బిళ్ళలు రాసిపంపితే ఆ నిజం జబ్బుకి సాక్ష్యం చెబుతుంది.

రక్తపరీక్షలు బాగున్నాయని ధైర్యపడకూడదు. రక్తంలో ఉప్పులు, చక్కెర చివరిదాకా సరిగ్గా ఉంచడానికి శరీరం దూలాలు కూడా అమ్ముకుంటుంది. కాగితం మీద అంకెలు సవ్యంగా ఉన్నాయంటే అమ్మడానికి ఇంకా ఏదో మిగిలి ఉందనే.

ఆకలి ఒంటికి చేసే నష్టం గురించి వైద్యశాస్త్రానికి మన వైపు నుంచి వచ్చిన పాఠాలు కూడా ఉన్నాయి. ధాత కరువులో చనిపోయినవాళ్ళ శవాలను మద్రాసులో కోసి చూసిన అలెగ్జాండర్ పోర్టర్ అనే వైద్యుడు ఆ కరువు జబ్బుల మీద 1889లో ఒక పుస్తకం రాశాడు. గంజి కేంద్రం దొరక్క పోయినవాళ్ళకీ, వంటింట్లో అరిసెలు చేస్తూ ఆకలితో ఉన్న అమ్మాయికీ బతుకులో ఏ పోలికా లేదు. లోపల మాత్రం జరిగేది ఒకటే. తిండి ఎందుకు రావడం లేదో కాలేయానికీ, గుండెకీ తెలియదు.

స్టేడియం కింద ముప్ఫైఆరుగురు

మెదడుకి కూడా తెలియదు. ఇది 1945లో తేలింది.

రెండో ప్రపంచయుద్ధం ముగుస్తున్న రోజులు. యూరప్‌లో కోట్ల మంది ఆకలితో ఉన్నారు. వాళ్ళకి తిరిగి తిండి ఎలా పెట్టాలో ఎవరికీ సరిగ్గా తెలియదు. అమెరికాలో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో యాన్సెల్ కీస్ అనే శాస్త్రజ్ఞుడు, యుద్ధంలో తుపాకి పట్టబోమని చెప్పిన యువకుల్లో 36 మందిని ఎంచుకున్నాడు. అందరూ ఆరోగ్యవంతులు, మనసు గట్టివాళ్ళు, తమంతట తాము ఒప్పుకున్నవాళ్ళు. విశ్వవిద్యాలయం స్టేడియం కింది గదుల్లో వాళ్ళని ఉంచి, 24 వారాలపాటు తిండిని దాదాపు సగానికి కోశారు. సగటున ఒంటి బరువులో నాలుగో వంతు పోయింది. నాడి 55 నుంచి 35కి దిగింది. ఒళ్ళు ఖర్చు చేసే శక్తి 40 శాతం దాకా తగ్గింది. జులై ఎండల్లో చలేస్తోందన్నారు.

ఇవన్నీ కొంతవరకు ఊహించినవే. ఊహించనివి వాళ్ళ బుద్ధిలో వచ్చాయి. రాత్రింబవళ్ళు తిండి గురించే మాటలు. వంటంటే ఏమిటో తెలియని మగవాళ్ళు వంటల పుస్తకాలు పోగేసుకున్నారు. పది నిమిషాల భోజనాన్ని గంట చేసి, ముక్కలు ముక్కలుగా కోసి, రకరకాలుగా కలిపి తిన్నారు. స్నేహితులకు దూరమయ్యారు, చిరాకుపడ్డారు, దిగులుపడ్డారు, ఆడవాళ్ళ మీద ఆసక్తే పోయింది. ప్రయోగం తరువాతి దశలో ఒకతను గొడ్డలితో తన చేతివేళ్ళు నరుక్కున్నాడు. కావాలనో పొరపాటునో తనే చెప్పలేకపోయాడు.

అరిసెలు చేసి అందరికీ పంచిన మన అమ్మాయి, గంటసేపు కంచం ముందు కూర్చున్న మన అమ్మాయి వీళ్ళలో కనబడడం లేదూ? ఇంట్లోవాళ్ళు గుణమనుకునేదానిలో చాలా భాగం ఆకలి చేసే పనే. బరువు పడిపోయిన మెదడుకి పట్టు విడుపు ఉండదు. ఒకే ఆలోచన చుట్టూ తిరుగుతుంది. అందుకే ఆ దశలో "కాస్త అర్థం చేసుకోవే తల్లీ" అని బతిమాలితే ఫలితం ఉండదు. అర్థం చేసుకోవలసిన అవయవానికే ముందు తిండి కావాలి. స్కానింగుల్లో ఈ జబ్బున్నవాళ్ళ మెదడు కాస్త కుంచించుకుపోయి కనిపిస్తుంది, బరువు తిరిగి వచ్చాక చాలావరకు మామూలవుతుంది.

కానీ ఒక తేడా ఉంది. కీస్ మనుషులు తిండి కోసం తపించిపోయారు, పెట్టగానే తిన్నారు. తిండిభయం ఉన్నవాళ్ళకి ఆకలి పెరిగేకొద్దీ భయం పెరుగుతుంది, తినకపోవడంలో ఒక నెమ్మది దొరుకుతుంది. ఎందుకిలా? కొంత పుట్టుకలో ఉంది. దాదాపు 17,000 మంది రోగుల జన్యువులను పోల్చి 2019లో ప్రచురించిన అధ్యయనంలో ఈ జబ్బుతో ముడిపడిన ఎనిమిది చోట్లు బయటపడ్డాయి. మనసుకి సంబంధించిన జన్యువులతోపాటు, ఒళ్ళు కొవ్వునూ చక్కెరనూ ఎలా వాడుకుంటుందో నిర్ణయించే జన్యువులకీ దీనితో సంబంధం కనిపించింది. అంటే పెంపకం లోపమని తల్లిని దోషిగా నిలబెట్టే పాత అలవాటుకి ఆధారం లేకుండా పోయింది. నన్నడిగితే ఆ అధ్యయనం చేసిన పెద్ద ఉపకారం ఇదే.

ఒక్కపొద్దు, ఆమరణ దీక్ష

మరి మనవాళ్ళు ఎప్పటినుంచో ఉపవాసాలు చేస్తున్నారు కదా, అవన్నీ జబ్బులేనా?

1952 అక్టోబర్ 19న మద్రాసులో పొట్టి శ్రీరాములు మొదలుపెట్టిన దీక్ష డిసెంబర్ 15 రాత్రి ఆయన ప్రాణంతో ముగిసింది. యాభై ఎనిమిది రోజులు. ఒంటికి అది ఆకలే. పైన చెప్పినవన్నీ ఆయన ఒంట్లోనూ జరిగే ఉంటాయి. కానీ ఆ దీక్ష బయటి ప్రపంచాన్ని ఒకటి అడిగింది. ఆంధ్ర రాష్ట్రం ఇస్తున్నామని ఢిల్లీ ప్రకటించి ఉంటే అది ముగిసేది. కార్తీక సోమవారం ఒక్కపొద్దు కూడా అంతే, చుక్క కనబడగానే ఆకులో అన్నం పడుతుంది. తిండిభయంలో అడిగేదీ లేదు, ముగిసే గడియా లేదు. ఐదు కిలోలు తగ్గితే చాలనుకున్న పిల్లకి ఆ ఐదూ తగ్గాక ఇంకో ఐదు కనిపిస్తాయి.

చిక్కేమిటంటే ఒక్కపొద్దు దీనికి మంచి చాటు. దేవుడి పేరు చెప్పి తిననంటే ఏ తల్లీ బలవంతం చేయదు. వారాల ఉపవాసాలు పెరుగుతూ పోతుంటే, ఉపవాసం విడిచే వేళ కూడా సాకులు వినిపిస్తుంటే, ఇంట్లో మిగతావాళ్ళు చేయని నియమాలు పిల్ల ఒక్కతే పాటిస్తుంటే అప్పుడు అనుమానించాలి.

ఈ గందరగోళం పరిశోధకులకీ తప్పలేదు. పాశ్చాత్య దేశాల్లో తయారైన ప్రశ్నల పట్టికను ఉత్తర భారతంలో స్కూలు ఆడపిల్లలకిచ్చి చూసిన ఒక అధ్యయనం 1989లో వచ్చింది. కొన్ని ప్రశ్నలకి పిల్లలు చెప్పిన జవాబులు చూస్తే జబ్బున్నవాళ్ళు ఎక్కువేమో అనిపించింది. తీరా చూస్తే ఉపవాసాలు, ఇంట్లో తినే తీరు, ప్రశ్న అర్థమైన తీరు ఆ జవాబుల్లో కలిసిపోయాయి. వాళ్ళ పద్ధతిలో అడిగితే మన జవాబు వాళ్ళకి రోగంలా కనబడింది.

దీనికి రెండో వైపు కూడా ఉంది. ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు 1995లో ఐదుగురు అమ్మాయిల సంగతి ప్రచురించారు. ఐదుగురూ తిండి మానేసి, కక్కుకుంటూ చిక్కిపోయినవాళ్ళే. కానీ లావైపోతామన్న భయం వాళ్ళలో పెద్దగా లేదు, అద్దంలో తమ ఒళ్ళు తమకి లావుగా కనబడిందీ లేదు. హాంకాంగ్‌లోనూ ఇలాంటివాళ్ళని గుర్తించారు. కడుపు ఉబ్బరం, గొంతు దిగకపోవడం, తినాలనిపించకపోవడం ఇదే వాళ్ళ మాట. పాత నిర్వచనం ప్రకారం సన్నబడాలన్న పిచ్చి లేనిదే ఇది జబ్బు కిందకి రాదు. ఆ లెక్కన మన మధ్య ఉన్న ఎంతమంది గ్యాస్ట్రిక్ ట్రబుల్ కింద జమయ్యారో! ఇప్పటి ప్రపంచ ఆరోగ్య సంస్థ జాబితాలో ఆ నియమాన్ని సడలించారు.

అలాగని సన్నబడే పిచ్చి మనకి రాదని కాదు. ఉత్తర కోస్తా నుంచి కూడా తెలుగువాళ్ళు కూలి ఒప్పందాల మీద వెళ్ళి స్థిరపడిన ఫిజీ దీవుల్లో ఒక ప్రాంతానికి 1995లో టీవీ వచ్చింది. అక్కడి స్థానిక ఫిజీ తెగల్లో బొద్దుగా ఉండడమే అందం. పిల్లకి అన్నం బాగా పెట్టారంటే ఆ ఇంటికి పరువు. అచ్చం మన ఊళ్ళలాగే. టీవీ వచ్చిన కొద్ది వారాలకీ, మళ్ళీ మూడేళ్ళకీ స్కూలు ఆడపిల్లల్ని పరీక్షించారు. తిండి విషయంలో ప్రమాదకరమైన ధోరణి ఉన్నవాళ్ళు 12.7 శాతం నుంచి 29.2 శాతానికి పెరిగారు. బరువు తగ్గడానికి కక్కేసేవాళ్ళు మొదట ఒక్కరూ లేరు, మూడేళ్ళ తరువాత 11.3 శాతం. ఇప్పుడు పాలకొండలో పిల్ల చేతిలో ఉన్న ఫోను ఆ టీవీకన్నా ఎన్ని రెట్లు బలమైందో లెక్క కట్టడం నా వల్ల కాదు.

ఇక్కడే మన జిల్లాలకి సంబంధించిన ఇంకో మాట. ఒళ్ళు తూచి ఆడే ఆటల్లో ఈ జబ్బు ప్రమాదం ఎక్కువని వైద్యులు చాలాకాలంగా చెబుతున్నారు. మన దగ్గర ఆ ఆటలకి గొప్ప చరిత్ర ఉంది. ఆమదాలవలస దగ్గర ఊసవానిపేటలో పెరిగిన కరణం మల్లీశ్వరి, నెల్లిమర్ల దగ్గర కొండవెలగాడ నుంచి వెళ్ళి 2014 కామన్వెల్త్ క్రీడల్లో పతకం తెచ్చిన మత్స సంతోషి, అంతకన్నా ముందు వీరఘట్టంలో పుట్టిన కోడి రామ్మూర్తి. మల్లీశ్వరి 1994, 1995లలో ప్రపంచ విజేతగా నిలిచింది 54 కిలోల విభాగంలో. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది 69 కిలోల విభాగంలో. బరువు పెరగడం ఓటమి కాదని చూపించడానికి ఆ రెండు అంకెలూ చాలు. కానీ పోటీకి వారం ముందు నీళ్ళు కూడా మానేసి బరువు దింపుకోమని కుర్ర ఆటగత్తెకి చెప్పే కోచ్ ఎక్కడైనా ఉంటాడు. ఆటాడే అమ్మాయికి ముట్టు ఆగిపోతే "సాధన ఎక్కువైంది, మామూలే" అని వదిలేయకూడదు. అది తిండి చాలడం లేదన్న కబురు.

సుబ్బారావు కొలిచిన భాస్వరం

ఇంతదూరం చదివిన తల్లికి తోచేది ఒకటే: ఇవాళే కూర్చోబెట్టి కడుపునిండా పెట్టాలి. బాగా చిక్కిపోయిన పిల్ల విషయంలో ఆ పని ప్రాణం తీయగలదు.

రెండో ప్రపంచయుద్ధంలో చెరల్లోంచి బయటపడ్డ మనుషులు చాలామంది విడుదలయ్యాక, తిండి దొరికాక చనిపోయారు. ఎందుకో అప్పట్లో అంతుబట్టలేదు. కారణం రక్తంలో భాస్వరం, అంటే ఫాస్ఫరస్. నెలల తరబడి కొవ్వు మీద నడిచిన ఒంటికి ఒక్కసారిగా అన్నం, పంచదార అందితే ఇన్సులిన్ ఎగజిమ్ముతుంది. వచ్చిన చక్కెరను కణాల్లోకి తోస్తూ, దాన్ని వాడుకోవడానికి కావలసిన భాస్వరాన్నీ, దానితోపాటు పొటాషియం, మెగ్నీషియంలనూ రక్తంలోంచి లాగేస్తుంది. నిల్వలు ముందే ఖాళీ. రక్తంలో భాస్వరం అడుగంటగానే పలచబడిన గుండె ఆగిపోవచ్చు, ఊపిరి కండరాలు చేతులెత్తేయవచ్చు, ఫిట్స్ రావచ్చు. ఇది తిండి మొదలుపెట్టిన మొదటి కొద్ది రోజుల్లోనే జరుగుతుంది. వైద్యులు దీన్ని రీఫీడింగ్ సిండ్రోమ్ అంటారు.

రక్తంలో భాస్వరాన్ని తేలిగ్గా కొలిచే పద్ధతి ఒక తెలుగువాడి చేతిమీదుగా వచ్చింది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అన్నదమ్ములిద్దరు స్ప్రూ అనే జబ్బుతో పోయారు. తిన్నది ఒంటబట్టక మనిషి చిక్కిచిక్కి పోయే జబ్బది. ఆయన అమెరికా వెళ్ళి హార్వర్డ్ వైద్యకళాశాలలో సైరస్ ఫిస్క్‌తో కలిసి 1925లో ఒక పద్ధతి ప్రచురించారు. రక్తంలో భాస్వరం ఎంత ఉంటే గాజుగొట్టంలో నీలం రంగు అంత చిక్కబడుతుంది, ఆ చిక్కదనాన్ని కొలిస్తే చాలు. ఫిస్క్-సుబ్బారావు పద్ధతి అని ఇప్పటికీ జీవరసాయన విద్యార్థులు నేర్చుకుంటారు. కండ కదలడానికి, గుండె కొట్టుకోవడానికి శక్తినిచ్చే పదార్థాల్లో భాస్వరం ఎలా దాగి ఉంటుందో కూడా వాళ్ళిద్దరూ ఆ తరువాతి ఏళ్ళలో చూపించారు. ఆకలి నుంచి తేరుకుంటున్న మనిషికి ఏది కొరవడి ప్రాణం మీదికి వస్తుందో సరిగ్గా దాన్నే పట్టుకున్నారు.

కాబట్టి బాగా బరువు పోయినవాళ్ళకి తిండి ఆసుపత్రిలోనే మొదలుపెట్టాలి. ముందు థయమిన్ అనే బి1 విటమిన్, రోజూ భాస్వరం, పొటాషియం పరీక్షలు, కొద్దికొద్దిగా పెంచే ఆహారం. ప్రభుత్వ ఆసుపత్రుల్లోని పోషకాహార పునరావాస కేంద్రాల్లో నర్సులకి ఈ సూత్రం ఎప్పటినుంచో తెలుసు. ఎముకల గూడైన పసిబిడ్డకి మొదట ఎఫ్-75 అనే పలచటి పాలు, కుదుటపడ్డాక మాత్రమే బలమైన ఎఫ్-100 పడతారు. కాలేజీ పిల్ల ఒంటికీ అదే న్యాయం.

ఎవరు పెట్టాలి?

ఈ జబ్బుకి పేరు పెట్టింది లండన్ వైద్యుడు విలియం గల్. 1873లో పారిస్‌లో షార్ల్ లాసేగ్ కూడా ఇలాంటి రోగుల గురించే రాశాడు. వేళకి తిండి పెట్టడమే మందని గల్ గ్రహించాడు కానీ, పెట్టడానికి బంధువులు పనికిరారని తేల్చేశాడు. వందేళ్ళ పైచిలుకు పిల్లల్ని ఇంటికి దూరంగా ఉంచే వైద్యం నడిచింది. 1987లో లండన్ మాడ్స్‌లీ ఆసుపత్రి బృందం దాన్ని తలకిందులు చేసింది: జబ్బు మొదలై మూడేళ్ళు దాటని కుర్రపిల్లల్లో, తల్లిదండ్రులకే బాధ్యత అప్పగించిన వైద్యం మెరుగ్గా పనిచేసింది. ఇప్పుడు ఈ వయసువారికి ముందుగా చెప్పే వైద్యం అదే.

మన ఇళ్ళకి ఇది అచ్చంగా సరిపోయే పద్ధతి, ఒక్క షరతు మీద. కంచంలో ఏముండాలో, ఎంత ఉండాలో కొన్నాళ్ళు పెద్దవాళ్ళే నిర్ణయిస్తారు. జ్వరం వచ్చిన పిల్లకి మందు ఎంత వేయాలో పిల్లని అడగం కదా. మూడు పూటలా, మధ్యలో రెండుసార్లు, పక్కన కూర్చుని, కోప్పడకుండా, లంచాలివ్వకుండా, పూర్తయ్యేదాకా. తిన్నాక గంటసేపు కబుర్లతో పక్కనే ఉంటారు. "ఇప్పుడు ముఖంలో కళ వచ్చింది, కాస్త ఒళ్ళు చేశావు" అన్న పక్కింటి మెచ్చుకోలు ఆ చెవికి తిట్టుకన్నా ఘోరంగా వినిపిస్తుంది కాబట్టి ఒంటి గురించి మంచీ చెడూ ఏమీ అనరు. మామ్మ మొక్కు మొక్కుకోవచ్చు, పైడితల్లమ్మ సిరిమాను చూసి రావచ్చు. ఆసుపత్రికి వెళ్ళడం మాత్రం ఆ మొక్కు తీరేదాకా ఆగకూడదు.

వెళ్ళవలసింది మానసిక వైద్యుల దగ్గరికే, పిల్లల వైద్యుడో ఫిజీషియనో తోడుగా. మెడికల్ కాలేజీ ఆసుపత్రుల్లో ఆ విభాగం ఉంటుంది. విశాఖ చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. టెలీ మానస్ 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు. పిచ్చాసుపత్రికి తీసుకువెళ్ళారంటారేమోనని జంకేవాళ్ళకి ఒక లెక్క చెప్పాలి. 36 అధ్యయనాలను కలిపి 2011లో చూసినప్పుడు, ఈ జబ్బున్న ప్రతి వెయ్యిమందిలో ఏడాదికి దాదాపు ఐదుగురు చనిపోతున్నారని తేలింది. చనిపోయిన ప్రతి ఐదుగురిలో ఒకరిది ఆత్మహత్య. మానసిక రుగ్మతల్లో ఇంత ప్రాణాంతకమైనవి తక్కువ. "బతకాలని లేదు" అన్న మాట వినబడితే ఆ రోజే వెళ్ళాలి.

బరువు కొన్ని నెలల్లో వస్తుంది. ముట్టు ఆ తరువాత వస్తుంది. భయం అన్నిటికన్నా చివర పోతుంది, అందుకే బరువు రాగానే వైద్యం ఆపేసిన ఇళ్ళలో జబ్బు తిరగబెడుతుంది. బోస్టన్ ప్రాంతంలో ఈ రోగులను ఏళ్ళ తరబడి వెన్నంటి చూసిన ఒక అధ్యయనం ఉంది. తొమ్మిదేళ్ళు గడిచేసరికి కోలుకున్నవాళ్ళు మూడో వంతు కూడా లేరు. ఇరవై రెండేళ్ళకి చూస్తే దాదాపు 63 శాతం మంది కోలుకున్నారు. తొమ్మిదేళ్ళప్పుడు ఇంకా జబ్బుతోనే ఉన్నవాళ్ళలో ఇంచుమించు సగం మంది ఆ తరువాతి పదమూడేళ్ళలో బయటపడ్డారు.